రెప్ప లేపే ఆపరేషన్: లెక్కంతా మిల్లీమీటర్లలోనే

ప్రశ్న: నా వయసు 58. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. నాలుగేళ్ల కింద కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మెల్లమెల్లగా ఆ కంటి పైరెప్ప జారిపోయింది. సాయంత్రానికి ఇంకా బరువుగా ఉంటుంది. లెక్కలు రాయాలంటే నుదురు పైకెత్తాల్సి వస్తోంది, దాంతో తలనొప్పి. 'పొద్దుగాలనే కల్లు తాగినవా' అని మిల్లులో ఆటపట్టిస్తున్నారు. షుగర్ ఉంది. గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. ఆపరేషన్ చేస్తే రెప్ప మామూలుగా అవుతుందా? ఆ తర్వాత కన్ను మూతపడదని మా బావమరిది భయపెడుతున్నాడు.

జవాబు: మీ బావమరిది చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు రెప్ప ఎందుకు జారిందో తేల్చుకోవాలి.

మీరు చెప్పినదాన్నిబట్టి ఇది పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే రకమే అనిపిస్తోంది. బావి దగ్గర గిరక బాగానే ఉంది, లాగే చెయ్యీ గట్టిదే, తాడే సాగిపోయింది అనుకోండి. రెప్పను లేపే కండరం బాగానే పని చేస్తుంది కానీ, దాన్ని రెప్పకు కలిపే పల్చటి పొర సాగుతుంది లేదా పట్టు తప్పుతుంది. వయసుతో వస్తుంది, శుక్లాల ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి వస్తుంది. ఆపరేషన్ చేసిన డాక్టర్ తప్పు చేశాడని దీనర్థం కాదు. కిందికి చూసి చదివేటప్పుడు, రాసేటప్పుడు ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

అయితే సాయంత్రానికి జారడం అనేది మయస్తీనియా అనే కండరాల జబ్బులోనూ ఉంటుంది. అందులో రెప్ప ఒకరోజు బాగుండి, మరోరోజు వాలిపోతుంది. ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపిస్తుంది. దానికి రక్త పరీక్ష, మందులు ఉన్నాయి, ముందే కత్తి పట్టకూడదు. ఇంకో మాట. రెప్ప ఒక్కసారిగా వాలి, తలనొప్పితో పాటు కంటిపాప పెద్దదైతే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. మీది నాలుగేళ్లుగా మెల్లగా వచ్చింది కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

ఇక ఫలితం. మామూలు కంట్లో కంటిపాప మధ్య నుంచి పైరెప్ప అంచు దాకా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. డాక్టర్ మీ కనుబొమ్మను వేలితో నొక్కిపట్టి, కిందికి, పైకి చూడమని రెప్ప కదలిక కొలుస్తారు. అది 10 మిల్లీమీటర్లు దాటితే సాగిన పొరను ముందుకు లాగి కుట్టే ఆపరేషన్ బాగా పని చేస్తుంది. కండరమే బలహీనమై 4 లోపు ఉంటే రెప్పను నుదుటి కండరానికి వేలాడదీయాలి, దాని లెక్క వేరు.

మత్తు ఇంజెక్షన్ రెప్పకే ఇస్తారు, మీరు మెలకువగానే ఉంటారు. మధ్యలో కళ్లు తెరవమంటారు, ఒక్కోసారి లేపి కూర్చోబెట్టి ఎత్తు చూస్తారు. కానీ ఆ ఇంజెక్షనే కండరాన్ని కొంత మొద్దుబారుస్తుంది, అందులో కలిపే అడ్రినలిన్ అనే మందేమో రెప్పను కొంత లేపుతుంది, పైగా వాపు. టేబుల్ మీద కనిపించిన ఎత్తే చివరిదాకా ఉంటుందని ఎంత అనుభవం ఉన్న సర్జన్ కూడా గ్యారంటీ ఇవ్వలేడు. ఎక్కువమందిలో రెండు కళ్ల పైరెప్పల ఎత్తులో తేడా ఒక మిల్లీమీటరు లోపుకి వస్తుంది. పదిమందిలో ఒకరిద్దరికి మళ్లీ సరిచేయాల్సి రావచ్చు. అది విఫలం కావడం కిందికి రాదు, ఈ ఆపరేషన్ తీరే అంత. చూపు పైవైపు తెరుచుకుంటుంది, నుదురు ఎత్తే బాధ తగ్గుతుంది. పాతికేళ్లప్పటి కన్ను మాత్రం రాదు.

ఇప్పుడే అద్దం ముందు కూర్చోండి. కుడి రెప్పను వేలితో మెల్లగా లేపి ఎడమ కన్ను చూడండి. ఎడమ రెప్ప జారినట్టు అనిపిస్తే ముందే డాక్టర్‌కి చెప్పండి. కుడిదాన్ని లేపడానికి మెదడు రెండు కళ్లకూ ఎక్కువ బలం పంపుతుంది. ఆపరేషన్‌తో ఆ అవసరం తీరగానే ఎడమది వాలొచ్చు. నా దగ్గరికి వచ్చి 'సార్, రెండో కన్ను పాడు చేశారు' అని గొడవ పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది సంగతి ఇదే.

బావమరిది భయానికి వస్తే, మొదటి కొన్ని వారాలు నిద్రలో సన్నటి సందు ఉండొచ్చు. రాత్రి ఆయింట్‌మెంట్, పగలు చుక్కలు వాడితే చాలామందికి సర్దుకుంటుంది. నాకు భయమల్లా మీ మిల్లు ఊక దుమ్ము. కళ్లు ముందే పొడిగా ఉంటే సర్జన్ రెప్పను కావాలనే కాస్త తక్కువ లేపుతారు. కాబట్టి కన్నీళ్ల పరీక్ష అడగండి.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. గుండె డాక్టర్, కంటి డాక్టర్ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఆపరేషన్ తర్వాత విపరీతమైన నొప్పితో కన్ను ఉబ్బి చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగొద్దు.

రెప్పల ఆపరేషన్లు చేసే ఆక్యులోప్లాస్టీ డాక్టర్‌నే చూడండి. హైదరాబాద్‌లో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, అక్కడ అడగొచ్చు. పాత ఫొటోలు వెంట తీసుకెళ్లండి, రెప్ప ఎప్పుడు జారిందో తెలుస్తుంది. ఆధార్ ఫొటో వద్దు, అందులో అందరి రెప్పలూ వాలే ఉంటాయి. రెండు వారాలు మిల్లుకు సెలవు పెట్టండి. రెప్ప ఎక్కడ నిలుస్తుందో రెండు మూడు నెలలకు గానీ తేలదు.