కడుపులోని బిడ్డ మెదడును కణాలు తింటాయా?

ప్రశ్న: మా అమ్మాయికి ఐదో నెల. మెదడులోని రోగనిరోధక కణాలు పసిపిల్లల నాడీ సంబంధాలను తినేస్తాయని చదివినప్పటి నుంచి దిగులుగా ఉంది. పైగా గత నెలలో తనకు మూడు రోజులు జ్వరం వచ్చింది. దానివల్ల బిడ్డకు ప్రమాదమా?
— ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: మీరు చదివింది నిజమే కానీ, అది సగం సంగతి. ఆ కణాలను మైక్రోగ్లియా అంటారు. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా 1919లో వీటికి ఆ పేరు పెట్టారు. ఇవి మెదడులో పుట్టినవి కావు. పిండానికి ఎముక మజ్జ ఏర్పడకముందే, దాన్ని అంటిపెట్టుకుని ఉండే పచ్చసొన సంచిలో (యోక్ శాక్) తయారై మెదడుకు వలస వస్తాయని 2010లో ఎలుకలపై జరిగిన పరిశోధన తేల్చింది. మనుషుల్లోనూ గర్భం తొలి రెండు నెలల్లోనే ఇవి మెదడులో కనిపిస్తాయి కనుక, మీ అమ్మాయి కడుపులోని బిడ్డ మెదడులో ఇవి చాలాకాలంగా పనిలోనే ఉన్నాయి.

ఎదిగే మెదడు తనకు అవసరమైన వాటికన్నా ఎక్కువ న్యూరాన్లను (నాడీకణాలను), వాటి మధ్య ఎక్కువ సంధులను, అంటే మీరు చదివిన నాడీ సంబంధాలను, తయారు చేసుకుంటుంది. చనిపోయిన న్యూరాన్లను ఎత్తివేయడం, బతికున్న కొన్నింటికి పోషక ప్రొటీన్లు అందించడం, మిగులు సంధులను తొలగించడం మైక్రోగ్లియా పనులు. మడిలో ఒత్తుగా మొలిచిన తోటకూరను పలచన చేయడం వంటిదే ఇది. కాకపోతే ఏది పీకాలో ఇక్కడ చాలావరకు ముందే గుర్తు పెట్టి ఉంటుంది. మన రక్తంలో సూక్ష్మజీవులకు గుర్తు పెట్టే కాంప్లిమెంట్ ప్రొటీన్లే మెదడులో కొన్ని సంధులకు అంటుకుంటాయి, ఆ గుర్తును పట్టుకుని మైక్రోగ్లియా వాటిని మింగుతాయి. 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, పుట్టి ఐదు రోజులైన ఎలుకపిల్లల ఒక కంటి నాడీ సంకేతాలను మందుతో ఆపినప్పుడు, మైక్రోగ్లియా ఆ కంటి నుంచి వచ్చే నాడీ తీగలనే ఎక్కువగా మింగాయి; అంటే పని తక్కువగా ఉన్నవాటినే ఎక్కువగా తొలగించాయి. ఆ గుర్తును పసిగట్టే గ్రాహకం లేని ఎలుకల్లో మాత్రం అదనపు సంధులు పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోయాయి. కనుక ఈ తినడం గురించి మీరు భయపడనక్కర్లేదు, అది మెదడు ఎదుగుదలలో భాగమే.

ఇక జ్వరం సంగతి. చూలు ఎలుకల్లో రోగనిరోధక వ్యవస్థను తీవ్రంగా రెచ్చగొడితే పిల్లల మైక్రోగ్లియా తీరు మారవచ్చని ప్రయోగాలు సూచిస్తున్నాయి. మోతాదు చూసి ఇచ్చే ఆ ప్రేరణను, మనకు వచ్చిపోయే ప్రతి జ్వరంతో సమానం చేయడం సరికాదు. అయినా గత నెల జ్వరం సంగతి ప్రసూతి వైద్యురాలికి తప్పక చెప్పండి. మళ్లీ జ్వరం వస్తే, ముఖ్యంగా నగరంలో డెంగీ తిరిగే వానకాలంలో, మందుల దుకాణంలో అడిగి మాత్రలు వేసుకోకుండా అదే రోజు రక్తపరీక్షకు తీసుకెళ్లండి.