బొమ్మ అడుగున రెండు పేర్లు

ప్రశ్న: మా తాతగారు కొన్న పాత ఇంగ్లీషు అచ్చుబొమ్మ ఒకటి, గోదారి వరద తడికి అంచులు మరకలు పట్టి, మా ఇంట్లో ఉంది. హోగార్త్ బొమ్మ అని ఆయన చెప్పేవారు. అడుగున హోగార్త్ పేరుతో పాటు రావెనే అనే పేరు కూడా ఉంది. ఇంతకీ వేసింది ఎవరు?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఇద్దరూనండి. విలియం హోగార్త్ (1697–1764) తైలవర్ణాలతో చిత్రించినదాన్ని రావెనే రాగి రేకు మీద చెక్కాడు. ఆ గీతల్లోకి సిరా దట్టించి, పైన మిగిలినది తుడిచి, తడి కాగితం పరిచి యంత్రంలో నొక్కితే వచ్చినది మీ దగ్గరున్న అచ్చు. అందులో అసలు చిత్రానికి కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. రావెనే పేరును బట్టి అది 1745లో వెలువడిన ‘మ్యారేజ్ ఆ లా మోడ్’ వరసలోని ఆరు బొమ్మల్లో నాలుగోదో, ఐదోదో కావచ్చు.

ఆ వరసకు చందాలు కోరుతూ 1743లో ఇచ్చిన ప్రకటనలో హోగార్త్, పారిస్ నిపుణుల చేత చెక్కిస్తానని, ముఖాలను మాత్రం వాటి హావభావాలు చెడకుండా తానే చెక్కుతానని చెప్పుకున్నాడు. పరదాలూ కుర్చీలూ ఎవరు చెక్కినా ఫరవాలేదు గానీ, ముఖం చేయి మారితే బొమ్మ తనది కాకుండా పోతుందని ఆయన భయం కాబోలు. మామూలుగా ఆనాటి అచ్చుల్లో ఎడమ మూల చిత్రకారుడి పేరు పక్కన ‘పింక్సిట్’, అంటే చిత్రించెను అని, కుడి మూల చెక్కినవాడి పేరు పక్కన ‘స్కల్ప్సిట్’, అంటే చెక్కెను అని లాటిన్‌లో వేసేవారు. సిరా దట్టినవాడికీ, నేర్చుకుంటూ నేపథ్యం గీతలు నింపిన కుర్రవాడికీ ఆ అంచులో చోటు లేదు. మన నరసాపురం లేసు సంగతీ అంతే కదా: పువ్వులు ఒకరు అల్లితే, వాటిని మరొకరు అతుకుతారు, పట్టీ మీద ఉండేది ఎగుమతిదారు పేరు.

చట్టం కూడా మొదట ఊహించినవాడి పక్షమే వహించింది. హోగార్త్ పట్టుబట్టగా వచ్చిన 1735 చట్టం సొంత కల్పనతో చేసిన అచ్చుకు 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. ఇతరుల చిత్రాన్ని చూసి చెక్కిన అచ్చుకు రక్షణ 1767 చట్టంతో గానీ రాలేదు.

ఆ రేకులను హోగార్త్ పోయాక, 19వ శతాబ్దంలోనూ దిద్ది మళ్లీ అచ్చు వేశారు కనుక, మీ కాగితం మీద మూడో చేయి కూడా ఉండవచ్చు. ఫ్రేము కట్టించేటప్పుడు అడుగు అంచును మాత్రం కత్తిరించనివ్వకండి.