నీ దండులో ఒక్క అప్పలరాజు కూడా లేడేం?

విశాఖపట్నం,
ముసురు పట్టిన ఆదివారం

చిరంజీవి తల్లికి ఆశీస్సులు.

బల్ల మీద ఆడే యుద్ధం ఆటకి నువ్వు సిద్ధం చేస్తున్న బొమ్మల దండు గురించి రాసి పంపిన కథ కట్ట అందింది. నలభై పేజీలు. పదమూడు తరాల రాజులు, రెండు శాపాలు, సముద్రంలో మునిగిన ఒక రాజధాని. రాత్రి అన్నం తిని మొదలుపెడితే ఏడో తరం దగ్గర నిద్ర పట్టేసింది. కోపం తెచ్చుకోకు, పొద్దున్నే లేచి మిగతాదీ చదివాను. చివర మూలకి ఇరికించి రాసిన మాట చూసి మాత్రం నవ్వాగలేదు: ‘మాస్టారూ, బొమ్మలింకా పెట్టెలోనే ఉన్నాయి, ఒక్కదానికీ రంగు వెయ్యలేదు.’

చిక్కంతా అక్కడే ఉంది. నీతో ఆడేవాడు బల్లకి అవతల మూడడుగుల దూరంలో కూచుంటాడు. నీ బొమ్మ 28 మిల్లీమీటర్ల కొలతది, అంటే బొటనవేలి పై కణుపంత. అంత దూరం నుంచి వాడికి పదమూడు తరాలు కనబడవు. కుంటికాలివాడు కనబడతాడు. అందరికీ ఎర్ర తలపాగా ఉండి ఒక్కడికి లేకపోతే అదీ కనబడుతుంది. ‘వీడి తలపాగా ఏమైంది?’ అని అడుగుతాడు. కథ చెప్పడానికి నీకు అప్పుడు వీలు దొరికింది. అడక్కుండా చెప్పే కథని పెళ్ళిలో దూరపు చుట్టం మాటల్లా వింటారు, తలూపుతూ, అరిటాకు వైపు చూస్తూ.

నా మొదటి దండు సంగతి విను. మా మేనమామ ఓడ మీద పనిచేసేవాడు. ఒకసారి ఇంగ్లండు నుంచి ప్లాస్టిక్ సైనికుల పెట్టె తెచ్చాడు. ఏ రంగు వెయ్యాలో చెప్పేవాళ్ళెవరు? ఇంటి గేటుకి వేయగా మిగిలిన ఎనామెల్ డబ్బా ఉంటే అదే పూశాను. కళ్ళూ ముక్కూ అన్నీ పూడిపోయాయి, శనగపిండిలో ముంచి తీసిన బజ్జీల్లాగా. రెండ్రోజులు వాటి మొహం చూడలేదు. అసలు మొహాలుంటేగా! మూడోరోజు వాటికి ‘మొహం లేని దండు’ అని పేరుపెట్టాను. సముద్రం వీళ్ళ మొహాలు తాకట్టు పెట్టుకుంది, వెయ్యి వలల చేపలు తెచ్చిస్తేగానీ తిరిగివ్వదు. అందుకే పాత దోమతెర కత్తిరించి ఒక్కొక్కడి నడుముకీ చిన్న వల కట్టాను. తర్వాత ఎంత బాగా వేసిన దండులు తీసుకెళ్ళినా, ‘ఆ మొహాల్లేనివాళ్ళు రాలేదా?’ అనే అడుగుతారు.

అలాగని రంగు ముద్దగా పుయ్యమని కాదు. ఆక్రిలిక్ రంగులో నీళ్ళు కలిపి, పలచగా రెండు పూతలు. మొదటి పూత చూస్తే ఏడుపొస్తుంది, రెండోదాంతో సర్దుకుంటుంది. మూతున్న స్టీలు డబ్బాలో తడి టిష్యూ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి అక్కడ రంగు కలుపుకో. ఫ్యాను కింద కూచున్నా తొందరగా ఆరిపోదు.

ఇక అసలు విషయానికొస్తాను. నీ ముంపు రాజధాని ఎక్కడో చదివిందే గానీ నువ్వు చూసింది కాదని రెండు పేజీల్లోనే తెలిసిపోతోంది. నువ్వు చూసిందేమిటి? 2014 అక్టోబరు 12. చిన్నపిల్లవే, అయినా గుర్తుండకపోదు. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిపోయాక కైలాసగిరి ఎలా ఉంది? నిన్నటిదాకా పచ్చగా ఉన్న కొండ నిప్పంటించినట్టు గోధుమరంగుకి తిరిగింది. పడిపోయిన చెట్లు సరే, నిలబడ్డ చెట్లకీ ఆకు లేదు. నాకు అవే ఎక్కువ భయమనిపించాయి.

నీ పదకొండో పేజీలో చెట్టు మనుషుల గురించి రెండే లైన్లు రాసి వదిలేశావు. రాజుల్ని వదిలి వాళ్ళని పట్టుకో. గాలి తమ ఆకులు ఒలుచుకుపోతే, వాటిని తిరిగి తెచ్చుకోవడానికి గాలి మీదకి దండెత్తిన చెట్లు! ఇంతకన్నా శాపాలెందుకు? ఏ రంగులు కావాలో కూడా ఆ కథే చెప్పేస్తుంది. బెరడుకి ముదురు గోధుమ, దాని గాట్లలోకి దిగేలా నల్లటి వాష్, అంటే నీళ్ళలా పలచన చేసిన రంగు, ఎత్తుల మీద డ్రై బ్రష్‌తో, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రాస్తూ, బూడిద రంగు, కొమ్మ విరిగినచోట పాలిపోయిన పసుపు. పచ్చరంగు మాత్రం ఒక్కొక్కరికి ఒక్క ఆకుకే. ఆ ఆకు ఎక్కడ దాచుకున్నాడన్నదే వాడి కథ. ఒకడు పిడికిట్లో, ఒకడు నోట్లో, ఒకడు తొర్రలో ఉన్న పిట్టగూడు కింద. ఒకడి దగ్గర లేదు. వాడి గురించి చదవాలని నాకిప్పుడే ఉంది.

రంగులు తగ్గించమంటే నీకు బాధగా ఉంటుందని తెలుసు, ఇరవై సీసాలు కొన్నావు కదా. మీ ఇంట్లో ఏటికొప్పాక బొమ్మ ఉంటే తీసి చూడు. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుండగా రంగు లక్కని దానికి అదిమిపెడితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. గింజల నుంచి, వేళ్ళ నుంచి, బెరళ్ళ నుంచి తీసిన రంగులు. ఒక్కో బొమ్మ మీద రెండు మూడు పట్టీలు, అంతే. అయినా ఏ అద్దాల బీరువాలో పెట్టినా అవన్నీ ఒక్క ఊరివని ఇట్టే తెలుస్తుంది.

పేర్లు. జార్గథ్ ఏమిటి తల్లీ, ఎల్డ్రామిర్ ఏమిటి? పైకి చదువుతుంటే నాకే నాలుక మడతపడింది. బస్సులో భీమిలి వెళ్తూ బోర్డులు చదువుకో: ఎండాడ, కొమ్మాది, కాపులుప్పాడ. ‘కాపులుప్పాడ ఏడో పటాలం’ అంటే నేను దారి వదిలి పక్కకి తప్పుకుంటాను. అంత పెద్ద సైన్యంలో ఒక్క అప్పలరాజు గానీ, నూకాలమ్మ గానీ లేకపోవడం ఎలా కుదిరింది? మన వైపు నలుగురు మనుషులు చేరితే అందులో ఒక అప్పలరాజు ఉండి తీరాలి.

ఐదుగురితో మొదలుపెట్టు. నాయకుణ్ణి చివరికి ఉంచు. చాలామంది ముందు వాడికే వేస్తారు, అప్పటికి చెయ్యి తిరగదు, మిగతావాళ్ళందరికన్నా సేనాపతే అధ్వానంగా తయారవుతాడు. ఒక్కోదానికీ రంగు అయ్యాక బేసు, అదే బొమ్మ నిలబడే బిళ్ళ, దాని అడుగున సన్న పెన్నుతో వాడి కథ ఒక్క వాక్యం రాయి. ఆ బేసు 25 మిల్లీమీటర్లు, పాత రూపాయి బిళ్ళంత. అందులో పట్టకపోతే వాక్యం కొట్టేసి మళ్ళీ రాయి. నీ నలభై పేజీలకి నేను చెయ్యగలిగిన వైద్యం ఇదే.

బేసుల మీదకి ఎర్రమట్టి దిబ్బల మట్టి తేవాలనిపిస్తుంది. వద్దు, అది కాపాడుకోవలసిన చోటు, పిడికెడు కూడా తియ్యకూడదు. వీధిలో ఇల్లు కట్టేచోట ఇసుక అడుగు, టీ వడపోతతో జల్లించి ఎర్రరంగు వేసుకో. బీచి ఇసుకైతే రెండుసార్లు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టు, ఉప్పుంటుంది.

వచ్చే ఆదివారం ఆ ఐదుగుర్నీ తీసుకురా. రంగు వేయకపోయినా పరవాలేదు, ఇక్కడే కూచుని వేద్దాం. ఎం-సీల్ నా దగ్గరుంది, ఆకులు దాంతో చేద్దాం. బ్రష్ మాత్రం నీదే తెచ్చుకో, నాది ఎవరికీ ఇవ్వను. స్ప్రే ప్రైమర్ డబ్బా, అదే రంగుకి ముందు కొట్టే అడుగు పూతది, తేవద్దు. ఈ తేమలో కొడితే బొమ్మంతా గరుకుగా, రవ్వ చల్లినట్టు తేలుతుంది. పోయినేడు ఇలాంటి ముసురులోనే పన్నెండుమందిని పాడుచేసుకున్నాను. బ్రష్‌తో పూసే ప్రైమర్ సీసా ఒకటి సగం ఉంది, మనకి సరిపోతుంది.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మాస్టారు