బీరువాలో దొరికిన కార్డు

ప్రశ్న: మాది తణుకు. నాకు 58 ఏళ్లు. పోయిన నెల మా కాలనీలో క్యాంపు పెడితే నేత్రదానానికీ అవయవదానానికీ పేరిచ్చాను. ఇంటికొచ్చి చెప్పగానే గొడవ. మా అత్తగారు "కళ్లిచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డిదానివై పుడతావు" అన్నారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి "ఇప్పుడెందుకమ్మా ఈ మాటలు" అని ఫోన్ పెట్టేశాడు. మా వారైతే ఆ ఊసెత్తితే లేచి వెళ్లిపోతున్నారు. నాకు పన్నెండేళ్లుగా షుగర్, కుడి కంటికి శుక్లం ఆపరేషన్ కూడా అయింది. నా కళ్లు పనికొస్తాయా? కార్డు ఉంది కాబట్టి ఇంట్లోవాళ్లు వద్దన్నా తీసుకుంటారా? ముఖం వికారంగా అయిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు కార్డు సంగతి. ఇంట్లోవాళ్లు వద్దంటే తీసుకోరు. చట్టం మీ సంతకానికి విలువ ఇస్తుంది, కాదనను. కానీ ఏడుస్తున్న కొడుకు తల అడ్డంగా ఊపితే, కార్డు చూపించి వాదించిన డాక్టర్‌ని నా సర్వీసులో చూడలేదు.

నేను ఐసీయూలో నర్సుగా చేసి, చివరి తొమ్మిదేళ్లు దాతల కుటుంబాలతో మాట్లాడే కౌన్సెలర్‌గా పనిచేశాను. ఊరందరి చేతా సంతకాలు పెట్టించినదాన్ని. మా నాన్నగారు ఇంట్లోనే, నిద్రలో పోయారు. పదకొండో రోజున ఎల్ఐసీ బాండు కోసం బీరువా వెతుకుతుంటే కరెంటు బిల్లుల మధ్య నేత్రదానం కార్డు కనబడింది. నా సంచిలోంచి తీసుకున్నదే. గుండ్రటి అక్షరాలతో పేరు, వయసు, ఊరు రాసి సంతకం పెట్టారు. 'కుటుంబ సభ్యుల సంతకం' అన్న చోట మాత్రం ఖాళీ. నన్ను అడగడానికి మొహమాటపడ్డారో, దానికి తెలియకపోతుందా అనుకున్నారో! అప్పటికే అస్థికలు గోదావరిలో కలిపేశాం.

అందుకే చెబుతున్నా, మీ అబ్బాయి పండక్కి వచ్చినప్పుడు ఆ సంతకం చేయించండి. 'అపశకునం' అంటే రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ గారి గురించి చెప్పండి. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో మన దేశంలో మొదటిసారి గుండె మార్పిడి విజయవంతంగా చేసింది ఆయనే. బ్రెయిన్ డెత్‌ని, అంటే మెదడు ఇక కోలుకోకుండా పూర్తిగా ఆగిపోవడాన్ని, మరణంగా ఒప్పుకున్న చట్టం వచ్చింది కూడా ఆ ఏడే. ఇప్పుడు ఆగస్టు 3ని అవయవదాన దినంగా జరుపుతున్నారు. ఇక అత్తగారిని, శ్రీకాళహస్తిలో శివుడికి కళ్లిచ్చిన కన్నప్ప గుడ్డివాడై పుట్టాడని ఏ పురాణంలో ఉందో అడగండి. నవ్వుతూ అడగాలి సుమా, పెద్దావిడ!

షుగర్ ఉన్నా కళ్లివ్వొచ్చు. షుగర్ దెబ్బతీసేది ఎక్కువగా కంటి లోపలి రెటీనాని, శుక్లం వచ్చేది లెన్సుకి. ఇంకొకరికి అమర్చేది కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా. అది బాగుంటే చాలు. బీపీ, కళ్లజోడు కూడా అడ్డు కాదు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉంటే మాత్రం తీసుకోరు.

క్యాంపుల్లో రెండు దానాలూ ఒకే బల్ల మీద రాయించుకోవడంతో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. గుండె, కాలేయం, కిడ్నీల్లాంటివి ఇంట్లో పోయినవాళ్ల నుంచి తీసుకోవడం కుదరదు. రక్తం ఆడటం ఆగగానే అవి పాడవడం మొదలవుతుంది. ఐసీయూలో, వెంటిలేటర్ మీద, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచే మన దగ్గర సాధారణంగా తీసుకుంటారు. ఆ మంచం పక్కన నిలబడటం కష్టం. మానిటర్ మీద గీత పరుగెడుతూనే ఉంటుంది, చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. "బతికే ఉన్నాడు కదా సిస్టర్" అంటారు. అందుకే నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో, రెండుసార్లు పరీక్షిస్తారు. వెంటిలేటర్ తీసేసి, ఆక్సిజన్ మాత్రం ఇస్తూ, ఛాతీ దానంతటదే లేస్తుందేమోనని నిమిషాల తరబడి కళ్లప్పగించి చూస్తారు. అవయవాలు అమర్చే టీమ్‌లోవాళ్లు ఆ నలుగురిలో ఉండకూడదు. కుటుంబం ఒప్పుకున్నాక అవయవాలు తీయడానికయ్యే ఖర్చు వాళ్ల మీద వేయకూడదు. తీసినవి ఎవరికివ్వాలో ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితా ప్రకారం నిర్ణయిస్తారు. మీ షుగర్ వల్ల వాటిలో ఏవి పనికొస్తాయో ఆ రోజు పరీక్షించే తేలుస్తారు.

కళ్లకైతే ఆస్పత్రే అక్కర్లేదు. పోయిన ఆరు గంటల్లోపు తీయాలి, ఐ బ్యాంకు వాళ్లే ఇంటికొస్తారు. వాళ్లొచ్చేలోపు రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి, తల కాస్త ఎత్తులో ఉంచాలి. ఈ ఆఖరిదే మన ఇళ్లలో తంటా. ఒకసారి నేను తలగడ పెడితే ఒక పెద్దాయన "శవానికి తలగడేంటమ్మా" అని లాగేశారు. వాదించకుండా దుప్పటి మడిచి పెట్టాను. దానికేమీ అనలేదు! పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, కాస్త రక్తం కూడా పరీక్షకి తీసుకుంటారు. రెప్పలు మూసేశాక ముఖం మామూలుగానే ఉంటుంది. కడసారి చూపుకి వచ్చినవాళ్లు చెబితే తప్ప కనిపెట్టలేరు.

ఐ బ్యాంకు నంబరు కార్డు మీద ఉంటే సరిపోదు, వంటింటి క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాయండి. ఆ వేళ ఫోన్ చేసేది మీ వారో, పక్కింటివాళ్లో. మీ వారితో వాదన పెట్టుకోకండి. రోజూ ఆ గోడ వైపు చూస్తారు కదా, ఆయనే ఏదో ఒకరోజు అడుగుతారు.

ప్రశ్న: మా నాన్నగారు కళ్లూ, దేహం రెండూ ఇస్తానంటున్నారు. కుదురుతుందా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కుదురుతుంది. కళ్లు తీసినా మెడికల్ కాలేజీలు దేహాన్ని సాధారణంగా తీసుకుంటాయి. పోస్టుమార్టం జరిగినా, లోపలి అవయవాలు తీసినా ఒప్పుకోరు. దగ్గరి మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో దరఖాస్తు ఇస్తారు. నాన్నగారితో మీరూ వెళ్లండి, ఆ ఫారంలో మీ సంతకమూ అడుగుతారు.