అతికించే ముందు ఒక రాత్రి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

కాగితం ముక్కలు అతికించి నువ్వు చేసి, ఫోనులో పంపిన మూడు కొలాజ్‌లూ చూశాను. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి. తీసేసి చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి. కోప్పడకు, నిజం చెప్పమని నువ్వే అడిగావు. మూడింటిలోనూ విదేశీ పత్రికల్లోంచి కత్తిరించిన కళ్లు, గడియారాలు, సీతాకోకచిలుకలే. ముచ్చటగా అతికించావు. కానీ ఆ ముక్కలకూ నీకూ బొత్తిగా పరిచయం లేదు.

"నాకంటూ ఒక శైలి ఎప్పుడు వస్తుంది అత్తా?" అని రాశావు. ఆ మాట పక్కన పెట్టి, నీ కాగితాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకో. ఈ ఏడాదంతా ఒక్క చోట దొరికిన వాటితోనే పని చెయ్యి. మన విశాఖలో పూర్ణా మార్కెట్ అనుకుంటే అగరుబత్తి పెట్టెలు, పాత క్యాలెండర్లు, పొట్లాలు విప్పిన కాగితాలు. ఫిషింగ్ హార్బర్ అనుకుంటే తెగిన నైలాన్ వలలు, తాళ్లు, రంగు పెచ్చులూడిన చెక్క ముక్కలు. రెండూ వద్దు, ఒకటే. ఒకే చోటికి ఇరవై సార్లు వెళితే, ఇరవై ఒకటోసారి దేన్ని చూసి వంగుతున్నావో నీకే తెలుస్తుంది. నేను రంగు చూసి వంగుతానని చాలా ఏళ్లు అనుకున్నాను. ఒకరోజు పెట్టె బోర్లించి చూసుకుంటే అన్నీ చేతిరాత కాగితాలే: చాకలి పద్దులు, కిరాణా చీటీలు, ఎవరిదో లెక్కల నోటుపుస్తకం. నా పని అక్కడి నుంచే మొదలైంది. అప్పటికి నాకు నలభై దాటాయి.

చెత్త ఏరుకోవడం చిన్నతనం అనుకోకు. 1912లో పికాసో కుర్చీ అల్లికలా అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను బొమ్మలో అతికించి, చుట్టూ తాడు బిగించాడు. తరువాత జర్మనీకి చెందిన కుర్ట్ ష్విట్టర్స్ టికెట్లు, చింపిరి కాగితాలు ఏరి జీవితమంతా బొమ్మలు కట్టాడు. ఒక బ్యాంకు ప్రకటనను చింపితే మిగిలిన 'మెర్జ్' అనే సగం మాటనే తన పనంతటికీ పేరు పెట్టుకున్నాడు. ఆ సగం మాట సంగతి నువ్వు బాగా ఆలోచించాలి. బొమ్మలో పూర్తి మాట కనబడితే చూసేవాళ్లు చదవడం మొదలుపెడతారు, చూడటం మానేస్తారు. మన అక్షరాలను చింపి చూడు. తలకట్టు ఒకచోట, ఒత్తు ఇంకోచోట, సున్నా మరోచోట పడితే అవి మాటలు కావు, ఆకారాలు. దీనికి కత్తెర పనికిరాదు, వేళ్లతోనే చింపాలి. చింపిన అంచున తెల్లటి పీచు తేలుతుందే, అదే నీ గీత.

నీ రెండో బొమ్మలో బస్సు టికెట్లు వాడావు. అవి కండక్టరు మిషను నుంచి చింపి ఇచ్చినవి. వాటి మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. కొన్నాళ్లకు అక్షరాలన్నీ వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. కావాలంటే జెరాక్స్ తీయించి వాడుకో, తడి జిగురు తగిలినా చెదరదు. ఇంక్‌జెట్ ప్రింటు మాత్రం కారిపోతుంది. వార్తాపత్రిక కాగితం ఎలాగూ పసుపెక్కుతుంది, అందులో చెక్క తాలూకు లిగ్నిన్ అలాగే ఉంటుంది కనుక. అది పసుపెక్కాక బొమ్మ ఎలా ఉంటుందో ఊహించుకుని పెట్టగలిగితే పెట్టు.

నా అవమానం ఒకటి చెబుతాను. ఒకప్పుడు సముద్రపు ఇసుకను అలాగే తెచ్చి, జిగురులో కలిపి పెద్ద బొమ్మ చేశాను. వేసవిలో అమ్ముడుపోయింది. వానలు పడగానే ఇసుకలోని ఉప్పు గాలిలో తేమ పీల్చుకుంది, బొమ్మంతా చెమ్మగిల్లి అడుగు కాగితం ఉబ్బింది. కొన్నవాళ్లు పరుషంగా ఒక్క మాట అనకుండా తెచ్చి గుమ్మంలో ఆనించి వెళ్లారు. డబ్బు తిరిగి ఇవ్వడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇసుకను మంచినీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, ఎండబెట్టి వాడు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం చిటికెడు కూడా తేవద్దు. అది కాపాడుకోవలసిన చోటు, మన రంగు డబ్బా కాదు.

మన ఊరి తేమకు మైదా జిగురు తొందరగా బూజు పడుతుంది. పోస్టర్లు అంటించేవాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, వంటగిన్నెల దగ్గరికి రానివ్వకు. నాకైతే ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలుపుకోవడమే సుఖం. ముక్కకు జిగురు రాసి రెండు నిమిషాలు ఆగితే అది సాగవలసినంత సాగుతుంది, తరువాత ముడతలు రావు. అట్ట వెనుక కూడా ఒక కాగితం అంటించు, లేకపోతే అప్పడంలా వంగుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యం, ముక్కలు పేర్చిన రోజునే అతికించకు. ఫ్యాను కట్టేసి, పైన గాజు పలక పెట్టి పడుకో. పొద్దున్నే లేచి ఒక్కొక్క ముక్కా తీసి చూడు. తీస్తే మిగతావి బిక్కమొహం వెయ్యాలి. వెయ్యలేదా, అది అక్కడిది కాదు. నీ మూడో బొమ్మలో ఆ గడియారాన్ని బొటనవేలితో మూసి చూశాను. ఎవరూ దాని కోసం వెతకలేదు.

అతికించాక కూడా పని అయిపోదని నాకు హుద్‌హుద్ తుఫాను చెప్పింది. 2014 అక్టోబరు 12న కిటికీ విరిగి, ఇరవై ఏళ్ల కాగితాలు కట్టలు కట్టలుగా తడిసి ముద్దయ్యాయి. ఏడ్చాను. వారం తరువాత ఆరిన కట్టను విడదీయబోతే పొరలు ఒకదాన్నొకటి చీల్చుకుని వచ్చాయి. ఒక పద్దులోని సిరా పక్క కాగితం మీద తిరగబడి దిగింది. నేనెన్నడూ చెయ్యలేని బొమ్మలవి. అప్పటి నుంచి అతికించి, సగం ఆరాక పీకుతున్నాను, గరుకు కాగితంతో రుద్దుతున్నాను, చిరిగినచోట దారంతో కుడుతున్నాను. సినిమా పోస్టర్ల గోడలు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. జగదాంబ వైపు వెళ్లినప్పుడు ఆగి చూడు.

ఏ ముక్క ఉండాలో కంటితో తేలకపోతే కళ్లు మూసుకుని బొమ్మను తడుము. శాంతినికేతన్‌లో చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ చూపు పోయాక కూడా కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశారు. గరుకు, నునుపు, ఎత్తు, పల్లం వేళ్లకు ముందే తెలుస్తాయి.

పని సగంలో ఉండగా ఫొటోలు తీసి అందరికీ పంపే అలవాటు మానుకో. నాకు కూడా.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. పాత దుకాణం ఖాళీ చేస్తూ ఎవరో ఇచ్చిన లెడ్జర్లు రెండు కట్టలున్నాయి, ఒకటి నీకు. చిన్న బ్రష్షులు తెచ్చుకో. జిగురు సీసా మాత్రం ఇంట్లోనే వదిలేసి రా.

మీ అత్త