మేడిపండు పొట్టలోకి పురుగు ఏ దారిన వెళ్లింది?

మేడిపండు పైన ఎక్కడా రంధ్రం కనిపించదు, కోస్తే మాత్రం లోపల పురుగులు ఉంటాయి. అవి ఎలా చేరతాయి, అలాంటి పండు తినవచ్చా అని అడిగారు. ఇదే ప్రశ్న ఒకసారి నలభై మంది పిల్లల ముందు నా పరువు తీసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఆ రోజు నాకంటే ముందు పీరియడ్‌లో తెలుగు మాస్టారు ఎనిమిదో తరగతికి వేమన పద్యం చెప్పి వెళ్లారు. పైకి మేలిమిగా కనిపించే మేడిపండును పిరికివాడి బింకంతో పోల్చిన పద్యం, మనందరం బట్టీ పట్టినదే. నేను లోపలికి అడుగుపెట్టగానే వెనక బెంచీలోని అమ్మాయి లేచి అచ్చం మీలాగే అడిగింది. తడుముకోకుండా చెప్పాను: మామిడి టెంకలోకి పురుగు ఎలా వెళుతుందో ఇదీ అంతే, పిందె మీద గుడ్డు పెడుతుంది, ఆ గాయం మానిపోతుంది, కాయతో పాటే పురుగూ పెరుగుతుంది. మామిడి వరకు అది నిజమే. ఆ అమ్మాయి కూర్చోలేదు. “మామిడికి పూత వస్తుంది, ఆ తర్వాతే పిందె కదా టీచర్. మేడికి పూతే రాదు. మా వాగు గట్టున చెట్టుంది, నేను ఎప్పుడూ పువ్వు చూడలేదు. పువ్వు లేకుండా పిందె ఎలా వచ్చింది?” అంది. నేను కూడా చూడలేదు. ఇంతలో గంట కొట్టారు, బతికిపోయాను.

మేడిపువ్వు చూడనివాళ్లం మేమిద్దరమే కాదు. పువ్వు లేకుండా కాసే చెట్టుకు అమరకోశం వనస్పతి అని పేరు పెట్టింది. (ఆ మాట నేను మొదట చదివింది డాల్డా డబ్బా మీద. డబ్బాకూ చెట్టుకూ చుట్టరికం ఏమిటో చాలా ఏళ్లు అంతుపట్టలేదు.) ఎప్పుడో గాని జరగని దాన్ని తమిళులు ‘అత్తి పూచినట్టు’ అంటారు, ఆ అత్తి మన మేడే. నిజానికి మేడి పూస్తుంది, లోపలికి పూస్తుంది. పొద్దుతిరుగుడు పువ్వును గుర్తు చేసుకోండి. ఆ పళ్లెం మీద వందల చిన్న పూలుంటాయి. పళ్లెం అంచుల్ని పైకి ముడిచి సంచిలా మూతి బిగిస్తే పూలన్నీ లోపలే ఉండిపోతాయి. మనం మేడికాయ అనేది అలాంటి పూలసంచి. పుస్తకాల్లో దాని పేరు సైకోనియం. బిగించిన ఆ మూతి తొడిమకు ఎదురుగా, కాయ కొసన, చిన్న కన్నులా ఉంటుంది. పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని దాన్ని మూసి ఉంచుతాయి.

ఇదంతా చదువుకుని, ఆ శనివారం పదిమంది పిల్లలతో, రెండు భూతద్దాలతో, ఒక బ్లేడుతో వాగు గట్టుకు వెళ్లాను. చెట్టు మొదలు నుంచి పెద్ద కొమ్మల దాకా కాండానికే గుత్తులు వేలాడుతున్నాయి. పచ్చి కాయ కోస్తే చేతినిండా పాలు. ఆ జిగురు రెండు రోజులు వదల్లేదు. మొదటి పది కాయల్లో పూలు తప్ప ఏమీ లేవు. పిల్లల ముఖాలు వాడిపోతుండగా ఒకడు కాయను కోయకుండా కన్ను వైపు భూతద్దం పెట్టి కేక వేశాడు. ఆ పొలుసుల మధ్య రెండు సన్నని రెక్కలు ఇరుక్కుని ఉన్నాయి. రెక్కలే, పురుగు లేదు.

అది కందిరీగ జాతిది, దోమ కంటే చిన్నది. మేడి పూలకు పరాగసంపర్కం చేసే ఈ ఆడ కందిరీగ పొలుసుల సందున ఒంటిని బల్లపరుపుగా నొక్కుకుంటూ దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి, మీసాలు విరిగిపోతాయి. మళ్లీ బయటికి వచ్చే ఆశ లేని ప్రయాణం. లోపల చీకట్లో పూల మీద తిరుగుతూ, తాను పుట్టిన కాయ నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని కీలాగ్రాలకు, అంటే పువ్వులో పుప్పొడి అందుకునే కొసలకు, అంటిస్తుంది. ఛాతీ మీద పుప్పొడి కోసమే రెండు చిన్న జేబులుంటాయి దానికి! ఆ పని చేస్తూనే పూల కీలంలోంచి (ఆ కొసకూ అండాశయానికీ మధ్య ఉండే సన్నని కాడ) అండాశయంలోకి గుడ్లు దించుతుంది. కీలం పొట్టిగా ఉన్న పూలకు ఎక్కువగా గుడ్లు దక్కుతాయి, పొడవుగా ఉన్నవి ఎక్కువగా విత్తనాలవుతాయి. అలా చెట్టుకు సగం, పురుగుకు సగం. పని అయిపోయాక అది అక్కడే చనిపోతుంది. కందిరీగ రాని కాయలు పండకుండానే రాలిపోతాయి.

కొన్ని వారాల తర్వాత జరిగేది ఇంకా విడ్డూరం. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి బాగా ఊరిన కాయలు నాలుగు గాజు సీసాలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి తెచ్చింది. సైన్సు గదిలో రోజుకొకటి కోశాం. ముందు పుట్టేవి మగవి. వాటికి రెక్కలు లేవు, చూపు ఆనదు, దవడలు మాత్రం గట్టివి. ఆడవి ఇంకా తాము పెరిగిన పూల బుడిపెల్లో బందీలుగా ఉండగానే మగవి వాటికి రంధ్రం చేసి జతకడతాయి. ఆ తర్వాత మగవన్నీ కలిసి కాయ గోడకు సొరంగం తవ్వుతాయి. ఆ దారిన వెళ్లే అదృష్టం వాటికి లేదు. వెలుతురు చూసిన కొద్దిసేపటికే చచ్చిపోతాయి, కొన్ని చీమల నోట పడతాయి. ఆడవి పుప్పొడిని జేబుల్లో నింపుకుని ఆ సొరంగం నుంచి ఎగిరిపోతాయి. పండు మీద ఎప్పుడైనా మీకు చిన్న రంధ్రం కనిపిస్తే అది వెళ్లిన దారి కాదు, వచ్చిన దారి.

ఎగిరిపోయిన ఆడదానికి ఒకటి రెండు రోజుల ఆయుష్షు. ఒక చెట్టు మీది కాయలన్నీ ఇంచుమించు ఒకే దశలో ఉంటాయి కాబట్టి పుట్టింటి చెట్టు మీద దానికి పని లేదు. అప్పుడే పూలు సిద్ధమైన మరో మేడిని ఆ చెట్టు వదిలే వాసన పట్టుకుని వెతకాలి. ఎంత దూరం వెళ్లగలదంటారు? మన మేడికి దగ్గరి చుట్టమైన చెట్టు ఒకటి నమీబియా ఎడారి నది గట్టున పెరుగుతుంది. అక్కడి చెట్లకు పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చిందో జన్యువుల ద్వారా లెక్కగడితే సగటున దాదాపు 90 కిలోమీటర్లు, గరిష్ఠంగా 160 కిలోమీటర్లు అని తేలింది. 2009లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆవగింజంత ప్రాణి, గాలివాటున అంత దూరం! ఈ అంకె తరగతిలో చెప్పినప్పుడు నన్ను ఎవరూ నమ్మలేదు.

ఇక దొంగదారి సంగతి. కన్ను లోంచి దూరకుండా బయటే కూర్చుని, వెంట్రుకలాంటి పొడవాటి సూదిని కాయ గోడలోంచి లోపలికి దించి గుడ్లు పెట్టే కందిరీగలు మరో అయిదారు జాతులున్నాయి. వాటివల్ల పూలకు పరాగసంపర్కం జరగదు. అంత సన్నని సూది పచ్చి కాయలో విరగకుండా ఎలా దిగుతుందో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు ఈ మేడి మీదే పరిశీలించి 2014లో ప్రచురించారు. సూది మొన రంపంలా ఉంటుంది, పైగా దాన్ని జింకు గట్టిపరుస్తుంది. తొలినాడు నేను తరగతిలో చెప్పిన జవాబు ఈ దొంగల విషయంలో మాత్రం దాదాపు సరిపోతుంది. ఆ మాట పిల్లలకు కాస్త గర్వంగానే చెప్పుకున్నాను.

మర్రి, రావి, జువ్వి కూడా ఈ కుటుంబమే. ప్రపంచంలో ఇలాంటివి 750 జాతులకు పైగా ఉన్నాయి, సాధారణంగా ఒక్కో చెట్టుకు దాని సొంత కందిరీగ ఉంటుంది. అంజీరకూ ఉంది. టర్కీ రకం అంజీర మొక్కలను కాలిఫోర్నియాలో నాటితే ఏళ్ల తరబడి కాయలు నిలవలేదు. చివరికి 1899లో కందిరీగలను కూడా తెచ్చి వదిలాకే కాపు నిలిచింది. అన్ని అంజీర రకాలకూ పురుగు అవసరం లేదు, పురుగు లేకుండా పండేవి చాలా ఉన్నాయి. శాకాహారులు కంగారు పడనక్కరలేదు.

మేడిపండు తినవచ్చా అన్నది మీ రెండో ప్రశ్న. ఆడ కందిరీగలు వెళ్లిపోయాకే కాయ ఎర్రబడి, మెత్తబడి తీయనవుతుంది. మీకు లోపల కనిపించేవి ఎక్కువగా చచ్చిన మగవి, బయటపడలేక మిగిలిపోయిన కొన్ని. ఆ రోజు వాగు గట్టున మేకలు కాస్తున్న ఆ అమ్మాయి నాయనమ్మ మా హడావిడి అంతా చూసి, “దీనికి అద్దాలెందుకు టీచరమ్మా” అంటూ ఒక పండును రెండుగా చీల్చింది. అరచేతి మీద తట్టి, ఉఫ్ఫని ఊది, నోట్లో వేసుకుంది. నాకూ ఒకటి ఇచ్చింది. తీపి పలుచగా ఉంది, గింజలు పంటికింద కరకరలాడాయి. ఇప్పుడు మా పిల్లలంతా అలాగే తింటున్నారు. ఆ అమ్మాయి మాత్రం ఊదకముందు ఒకసారి భూతద్దం పెట్టి చూస్తుంది.