కాలేజీ పిల్లలు మీ సైట్‌కి ఎందుకు రావట్లేదంటే

మీ సైట్ గూగుల్‌లో మొదటి పేజీలోనే ఉన్నా మీ టిఫిన్ సెంటర్‌కి కుర్రకారు రావట్లేదన్నారు కదండీ. వాళ్లు వెతికేది అక్కడ కాదు. తినడానికి చోటు కోసం యువతలో దాదాపు 40 శాతం టిక్‌టాక్‌, ఇన్‌స్టాలకే వెళ్తున్నారని గూగుల్‌కి చెందిన ప్రభాకర్ రాఘవనే 2022లో అన్నారు. మన దగ్గర టిక్‌టాక్ లేదు కాబట్టి ఇన్‌స్టా మీద పడండి.

ఇన్‌స్టా అకౌంట్‌ని ప్రొఫెషనల్‌కి (వ్యాపారాల కోసం ఉండే రకానికి) మార్చి, పబ్లిక్‌గా పెట్టండి. 2025 జులై 10 నుంచి అలాంటి అకౌంట్ల రీల్స్ గూగుల్‌లోనూ కనిపించే వీలుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్ ప్రైవసీ కింద ఆ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

క్యాప్షన్‌లో "అదిరింది బాసూ" అని రాస్తే వెతికేవాళ్లకి దొరకదు. "గుంటూరు బ్రాడీపేటలో నెయ్యి కారం దోశ, 70 రూపాయలు" అని రాయండి. అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయండి, పిల్లలు టైప్ చేసేది అలాగే. హ్యాష్‌ట్యాగులు గుప్పించడం దండగ. మ్యాప్స్‌లో టైమింగ్స్ తప్పుంటే మాత్రం, రీల్ చూసి వచ్చినవాడు మూసిన షట్టర్ చూసి పోతాడు.